కంట్రోలూ పిప్పరమెంటూ

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో ఉండేది కాదు. ఇప్పుడు ఎవరైనా ఏదైనా అడిగితే "చూసి చెబుతాను" అంటున్నాను గానీ, అప్పుడు అడగకముందే చెప్పేదాన్ని. డిగ్రీ ఆఖరి సంవత్సరం, అందులోనూ జంతుశాస్త్రం. మా ఊరి నుంచి ఆటోలో కొత్తచెరువు, అక్కడి నుంచి బస్సులో కాలేజీ, సాయంత్రం మళ్లీ అదే దారిన ఇల్లు. పొద్దున విన్నదంతా సాయంత్రానికి ఇంట్లో వాళ్ల మీద కుమ్మరించకపోతే నాకు అన్నం అరిగేది కాదు. మా నాయన శనక్కాయ చేలో కలుపు తీస్తుంటే గట్టు మీద నిలబడి వానపాముకు ఎన్ని గుండెలుంటాయో చెప్పేదాన్ని (ఆయన ఓపిగ్గా అంతా విని, "సరే పాపా, ఆ పక్క సాలు నువ్వు పట్టు" అనేవాడు). మా అవ్వ, అంటే నాయన తల్లి, నా చదువు మీద ఒకే ఒక్క అభిప్రాయంతో ఉండేది. "ఈ పిల్ల సదివేదంతా జీవాల గురించే. మనింట్లో సదవకుండానే జీవాలు పెరుగుతాండాయి గదా" అని వచ్చిన వాళ్లందరి ముందూ అనేది.

అలాంటి రోజుల్లో మా జంతుశాస్త్రం సారు ఒకనాడు బోర్డు మీద రెండు చెట్లు గీశాడు. ఒకటి మా వైపు బీడు భూముల్లో నిలబడే తుమ్మమొక్కలా, నాలుగు మొండి రెమ్మలతో ఉంది. రెండోది కొమ్మ మీద కొమ్మ వేసుకుంటూ బోర్డు అంచు దాకా పోయింది. ఇవి చెట్లు కావు, రెండు జంతువుల మెదడులోని కణాలు అన్నాడాయన. ఒకదాన్ని పసితనం నుంచి ఖాళీ పంజరంలో ఒంటరిగా పెంచారు, రెండోదాన్ని తోటి పిల్లలతో, ఎక్కడానికి, దొర్లించడానికి, దాక్కోవడానికి రకరకాల వస్తువుల మధ్య పెంచారు. తిండి రెండిటికీ ఒకటే. కానీ రెండోదాని కణాలు ఎక్కువ కొమ్మలు వేసి, పక్క కణాలతో ఎక్కువ చోట్ల చేతులు కలిపాయి. మెదడు పైపొర మందం పెరిగింది, బరువు కూడా కాస్త పెరిగింది. ఈ "బరువు కూడా" అన్న మాటను నేను ఇంటికి మోసుకుపోకుండా ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఏడాది చివరి ప్రాజెక్టు కోసం ఎలుకల్ని తెచ్చే స్థోమత కాలేజీకి లేదు, మెదడు కోసి చూడటం మన పని అసలే కాదు, మీ ఇళ్లలో ఉన్న పిల్ల జీవాలను రెండు రకాలుగా పెంచి నడవడికలో తేడా చూసి రాయండి అన్నాడు సారు. నాకు వెంటనే మా దొడ్లో అప్పుడే పాలు మరిచిన కవల పొట్టేలు పిల్లలు కళ్ల ముందు కదిలాయి.

ఆ పిల్లల్లో ఒకటి మాది కాదు, అమ్మవారిది. దానికి ముందు సంవత్సరం మా నాయన బోరు వేయించాడు. అంతకు ముందు వేసినవన్నీ దుమ్ము తప్ప ఏమీ ఇవ్వలేదు. ఈసారి మా అవ్వ బోరు బండి పక్కనే నేల మీద కూర్చుని, నీళ్లు పడితే వచ్చే దేవరకు, అంటే అమ్మవారి జాతరకు, పొట్టేలును ఇస్తానని ఊరి అమ్మవారికి మొక్కుకుంది. నీళ్లు పడ్డాయి. కవలలు పుట్టిన రోజునే అవ్వ వాటిని తడిమి చూసి, "రెండిట్లో ఏది బాగుంటే అది అమ్మోరికి" అని తేల్చేసింది. ఆ మాట నేనూ విన్నాను. విని, ఒకదాన్ని రెండోదానికంటే బాగా తయారు చేసే పనికి నడుం కట్టాను. నా బుర్రలో కొమ్మలు ఏపాటివో ఇక్కడే తెలుస్తోంది.

పిల్లలకు పేర్లు కూడా నా చదువే పెట్టింది. ఖాళీ పాకలో ఉండేదాన్ని కంట్రోల్ అంటారనీ, బొమ్మల మధ్య పెరిగేది ఎక్స్‌పెరిమెంట్ అనీ అవ్వకు వివరించాను. రేషన్ అంగడిని కంట్రోలు అంగడి అనీ, అక్కడ దొరికే బియ్యాన్ని కంట్రోలు బియ్యం అనీ పిలిచే ఊరు మాది. అవ్వ మొదటిదాన్ని జాలిగా చూసి, "పాపం, ఇది కంట్రోలుదా" అంది. రెండో పేరు ఆమె నోట తిరగలేదు. రెండు మూడుసార్లు ప్రయత్నించి, "పిప్పరమెంటు అనరాదా, నోరు తీపన్నా అవుతాది" అంది. అలా కంట్రోలూ పిప్పరమెంటూ అయ్యాయి. నేను ప్రాజెక్టులో కూడా ముందు అవే పేర్లు రాసి, తరవాత కొట్టేయాల్సి వచ్చింది.

పిప్పరమెంటుకు బోరు దగ్గర దడి కట్టాను. లోపల పాత స్కూటర్ టైరు, పగిలిన ప్లాస్టిక్ బిందె, ఎక్కి దిగడానికి రాళ్ల మెట్లు, వేలాడే డ్రిప్పు పైపు ముక్కలు, గడియతో సహా ఒక పాత తలుపు రెక్క. వారానికోసారి అన్నింటినీ అటుది ఇటు, ఇటుది అటు మార్చేదాన్ని, కొత్తదనం ఉంటేనే కణాలు కొమ్మలు వేస్తాయని. దడి పక్కనే శనక్కాయ చేనికి స్ప్రింక్లర్ తిరిగేది. అది తిరిగి తిరిగి దడి వైపు వచ్చినప్పుడల్లా పిప్పరమెంటు మీద ఒక జల్లు పడేది. మొదట్లో బెదిరి టైరులో దూరేది గానీ, తరవాత్తరవాత జల్లు వచ్చే వేళకు ముందే వచ్చి నిలబడేది. కంట్రోలును ఇంటి వెనక రాతి పాకలో, నాలుగు గోడల మధ్య ఉంచాను. తిండి మాత్రం రెండిటికీ సమానం. అయితే మా అమ్మ నా శాస్త్రీయ పద్ధతికి మొదటి రోజే గండి కొట్టింది. "ఒంటిగా ఉంటే దానికి దిగులు కాదామ్మే" అని రోజూ మధ్యాహ్నం పాకలో కూర్చుని శనక్కాయలు ఒలుస్తూ దానితో మాట్లాడేది. అవ్వ తనను పెళ్లైన కొత్తలో ఏమన్నదీ, నాయన ఏ పండక్కి చీర తెస్తానని తేలేదూ, అన్నీ దానికి చెప్పుకుంది. కంట్రోలుకు ఆడుకునే వస్తువులు లేవన్న మాటే గానీ, మా ఇంటి కష్టసుఖాలన్నీ దానికి తెలుసు.

ఇక మా మామ. అమ్మకు తమ్ముడు, పక్క వీధిలోనే కాపురం. ఊళ్లో ఎవరింట్లో పొట్టేలును కోసినా తలకాయ దగ్గర మామ ఉండేవాడు. కాల్చడం, గీరడం, పగలగొట్టడం, భేజా చెదరకుండా తీయడం ఆయనకే చేతనవును. ఆ భేజాను ఉల్లిగడ్డలతో, మిరియాలతో ఆయన వేపితే వాసన మా వీధి దాకా వచ్చేది. నేను ఒక సాయంత్రం అరుగు మీద కొమ్మల సంగతి, మందం సంగతి, బరువు సంగతి చెబుతుంటే, మా ఇంట్లో ఎన్నడూ లేనిది, మామ ముందుకు జరిగి కూర్చున్నాడు.

"ఏం కోడలా, బరువు కూడా పెరుగుతాదంటివే, అది నిజమేనా?"

"నిజమే మామా. సైన్సు."

"పిప్పరమెంటుకు పెరుగుతాందా ఇప్పుడు?"

"పెరుగుతూనే ఉంటాది. ఎంత ఆడితే అంత."

"అంటే, ఒక బాండ్లికి వస్తాదంటావా?"

బాండ్లి అంటే వేపుడు మూకుడని తెలిసీ, ఏదో కొలత కోసం అడుగుతున్నాడనుకున్నాను. మా ఇంట్లో ఒక్కరికైనా నా చదువు మీద గౌరవం కలిగిందని కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. మర్నాటి నుంచి మామ పొద్దునే దడి దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. ఒక చేతిలో రబ్బరు బంతి, ఇంకో చేతిలో శనగ చెక్క. బంతి దొర్లించేవాడు, పిప్పరమెంటు తలతో పొడిచి వెనక్కి పంపేది. "పెరగనీ, పెరగనీ" అంటూ దాని నుదురు నిమిరేవాడు. చూసినవాళ్లు అడిగారు, మామ రహస్యం దాచుకునే మనిషి కాడు. దేవర దగ్గర పడేసరికి మా వీధిలో బొమ్మ లేని పొట్టేలు లేదు. ఒకరు పిల్లల గిలక్కాయ మెడకు కట్టారు. ఇంకొకరు దొడ్లో సైకిలు చక్రం వేలాడదీశారు. ఎదురింటివాళ్లు తమ పొట్టేలును కిటికీ దగ్గర కట్టి సాయంత్రం టీవీ సీరియల్ చూపించారు (అది రెండు రోజులు చూసి, మూడో రోజు తాడు తెంపుకుని పోయింది. దానికి అప్పటికే తెలివి ఉన్నట్టు లెక్క). ఊరు ఊరంతా మెదడు శాస్త్రం వైపు తిరిగిందని నేను పొంగిపోయి సారుకు చెప్పాను. సారు కూడా పొంగిపోయాడు.

అసలు సంగతి తెలిసింది మిరియాలు దంచుతుంటే. దంచేది అమ్మ, నేను పక్కన కూర్చున్నాను. ఇన్ని మిరియాలు ఎందుకమ్మా అంటే, "మీ మామ చెప్పినాడులే, ఈసారి భేజా పెద్దగా వస్తాదంట గదా, నువ్వే చెప్పినావంట" అంది. మామ అడిగిన బాండ్లి ఏ బాండ్లో నాకు అప్పుడు అర్థమైంది.

మరుసటి రోజే నా పొట్టేళ్లకు పరీక్ష. పశుగ్రాసం కట్టలు పేర్చి, వంకర టింకర దారులు చేసి, మధ్యలో ఆ పాత తలుపు పెట్టి, దాని వెనక ఎండిన శనక్కాయ తీగ, మా వైపు మాటలో శనక్కట్టె, ఉంచాను. ముందుగా అనుకున్న పని కనుక ఆపడానికి లేదు. అవ్వా, నాయనా, మామా అందరూ చూడటానికి వచ్చి కూర్చున్నారు. కంట్రోలు వాకిట్లోనే నిలబడి, గాలికి కట్ట కదిలినా ఉలిక్కిపడుతూ, అమ్మ వచ్చి "రా నాయనా" అనే దాకా అడుగు వేయలేదు. పిప్పరమెంటు వాసన పట్టుకుంటూ మలుపులన్నీ తిరిగి, తలుపు దగ్గర ఒక్క నిమిషం నిలబడి, మూతితో గడియ ఎత్తి, లోపలికి పోయి, తినడం మొదలుపెట్టింది. జీవితంలో నేను చేసిన మొదటి ప్రయోగం అద్భుతంగా నెగ్గింది. నేను తప్ప అందరూ సంతోషించారు.

"తేలిపాయ" అంది అవ్వ లేస్తూ. "అమ్మోరికి ఇదే."

ఆ సాయంత్రం అవ్వ వెనకాలే తిరిగాను. "అవ్వా, పిప్పరమెంటు వద్దవ్వా."

"ఏం, దానికేం తక్కువ? ఇట్లాంటి పొట్టేలు ఊర్లో ఉండాదా?"

"లేదు, అందుకే వద్దంటాండా."

"అందుకే ఇయ్యల్ల. నీళ్లిచ్చిన తల్లికి వంకరదీ వడలిపోయిందీ ఇస్తామా? పోనీ, ఏదియ్యాలో నువ్వు చెప్పు, ఆ భయస్తుడినా?"

పాకలోంచి కంట్రోలు అమ్మ గొంతు కోసం అరుస్తోంది. దాని పేరు చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఇంకో పేరు లేదు. ఆ రాత్రి అన్నం తినలేదు. నాకు అంత దుఃఖం అంతకు ముందు పరీక్ష తప్పినప్పుడు కూడా రాలేదు.

దేవర నాడు ఊరంతా గుడి ముందు చేరింది. గుంతకల్లు నుంచి రైల్వేలో పనిచేసే మా చిన్నాన్న కుటుంబం మొత్తం వచ్చింది, పొద్దున టిఫిను కూడా తగ్గించి తిన్నారు. పిప్పరమెంటుకు పసుపు పూసి, నుదుట బొట్టు పెట్టి, మెడలో బంతిపూల దండ వేశారు. తప్పెట్లు మోగుతున్నాయి. కంట్రోలు అయితే ఆ మోతకే పడిపోయేది, ఇది మాత్రం తప్పెట కొట్టేవాళ్ల దగ్గరికి పోయి తప్పెటను వాసన చూసింది. నేను తాడు పట్టుకుని నిలబడ్డాను. అమ్మవారికి ఇచ్చే పొట్టేలు మీద పసుపు నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలించాలి. విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు, ఆ తరవాతే కత్తి. విదిలించకపోతే ఒప్పుకోనట్టు. మా ఊళ్లో ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు, తెలిసీ నేను అప్పటిదాకా దీని గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

పూజారి వేపరెమ్మ ముంచి నీళ్లు చల్లాడు. పిప్పరమెంటు కళ్లు మూసుకుని తల పైకెత్తింది. అది కదలలేదు. పూజారి మళ్లీ చల్లాడు. అది మెల్లగా తిరిగి, తడవని రెండో పక్కను ఆయన వైపు పెట్టింది. నాకు అప్పుడు వెలిగింది. స్ప్రింక్లర్ కింద పెరిగిన పిల్లకు నీటి చుక్క అంటే ఉలికిపాటు ఏముంటుంది. పూజారి ఈసారి చెంబెడు నీళ్లూ వీపున పోశాడు. పిప్పరమెంటు ఖాళీ చెంబులో మూతి పెట్టి, ఇంకా ఉన్నాయేమోనని చూసింది.

తప్పెట్లు ఆగిపోయాయి. "అమ్మోరు పట్టడంల్యా" అన్నాడు పూజారి. "ఇంట్లో ఏమన్నా తప్పు జరిగింటే చెప్పుకోండప్పా."

ముందు మా అమ్మ చేతులు జోడించింది. "పొంగలిలో బెల్లం చాలిందో లేదో అని వేలు పెట్టి నాకినా తల్లీ, మన్నించు." నీళ్లు చల్లారు. పొట్టేలు కదలలేదు. అందరూ మా నాయన వైపు చూశారు. ఆయన చేతులు కట్టుకుని, "మొక్కు మొక్కింది మాయమ్మ. నీళ్లు పడినంక, చోటు చూసింది నేనే, నా లెక్క తప్పదు అని ఊరంతా చెప్పుకున్నా. నీ పేరు యాడా చెప్పలా తల్లీ" అన్నాడు. అవ్వ ఆయన్ని ఒక చూపు చూసింది (దాని ఫలితం ఆయన ఆ తరవాత వారం రోజులు అనుభవించాడు). మళ్లీ చల్లారు. పిప్పరమెంటు హాయిగా నిలబడింది.

నేను ఇక ఉండబట్టలేక, "అది కాదవ్వా, దానికి స్ప్రింక్లర్ అలవాటు. చిన్నప్పటి నుంచి జల్లులో పెరిగింది, అందుకే ఉలికిపడటంల్యా. దాని మెదడులోనే..." అన్నాను.

"నోరు మూసుకోమ్మే" అంది అవ్వ. "అమ్మోరు మాట్లాడతాంటే మధ్యలో నువ్వేంది."

అప్పుడు మామ ముందుకొచ్చాడు. వచ్చి పొట్టేలు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అలవాటు కొద్దీ దాని నుదురు నిమిరాడు. అది తలతో ఆయన అరచేతిని పొడిచింది, బంతి ఏదన్నట్టు. "తల్లీ, తప్పంతా నాదే" అన్నాడు మామ. "నీకిచ్చే పొట్టేలు భేజా మీద నేను ఆశ పెట్టుకున్నా. అందుకే దీన్ని రోజూ ఆడించినా. రోజూ వచ్చి రోజూ వచ్చి..." అంటూ దాని మెడలో దండ సర్దాడు. "ఇప్పుడు ఆ ఆశ లేదు తల్లీ. నీకు కావాలంటే తీసుకో, నా నోటితో మాత్రం నేను అడగలేను." అని తల తిప్పుకున్నాడు. అంత పెద్ద మనిషి అందరి ముందూ తువ్వాలుతో ముఖం తుడుచుకుంటుంటే, ఆకలితో ఉన్న చిన్నాన్న కూడా పోయి ఆయన భుజం పట్టుకున్నాడు.

పూజారి చివరిసారి చల్లాడు. ఈసారి ఊరంతా పిప్పరమెంటును కాదు, మా అవ్వను చూసింది. అవ్వ పొట్టేలునూ మామనూ మార్చి మార్చి చూసి, "వద్దంటాంది" అంది. "తల్లి వద్దంటాంది. తాడిప్పండి."

పూజారి వంగి దాని మెడలో ముడి విప్పాడు. అంతలో జనంలోంచి ఎవరో, "ఇంకొకటి ఉండాది గదా అవ్వా, కంట్రోలు" అన్నారు. నేను అవ్వ చెయ్యి పట్టుకున్నాను. అవ్వ ఆ గొంతు వచ్చిన వైపు తిరిగి, "కంట్రోలు బియ్యమే అమ్మోరికి పొంగలి పెట్టం, సోనా బియ్యం తెస్తాం. అట్లాంటిది కంట్రోలు పొట్టేలును పెడతామా? బుద్ధుండే మాట్లాడుతాండావా?" అంది. నాకు తెలిసి ప్రపంచంలో ఒక శాస్త్ర పదం ఒక ప్రాణిని అలా కాపాడటం అదే మొదలు.

మొక్కు మాత్రం మిగిలిపోయింది గదా. దానికీ అవ్వే తీర్పు చెప్పింది. ఎన్నిసార్లు చల్లినా పొట్టేలు నీళ్లే అడిగింది, అంటే తల్లి నీళ్లే అడుగుతోంది, ఆమె ఇచ్చిన నీళ్లలోంచే ఆమెకు ఇద్దాం అంది. నెల తిరక్కుండా నాయన బోరు పక్కన, బాట మీదికి, పెద్ద సిమెంటు తొట్టి కట్టించాడు. ఎండాకాలం ఏ ఊరి మందలు ఆ దారిన పోయినా ఆగి తాగి పోయేవి. పిప్పరమెంటు వాటన్నిటికీ పెద్దరికం చేస్తూ తొట్టి దగ్గరే నిలబడేది. ప్రయోగం అయిపోయింది కనుక కంట్రోలును కూడా ఆ దడిలోకే వదిలాను. ఒక వారం టైరును చూసి భయపడింది. తరవాత పిప్పరమెంటు వెనకాలే మెట్లెక్కింది, దాని పక్కనే జల్లు కింద నిలబడింది. కొమ్మలు వేయడానికి ఆలస్యమైనా మించిపోయింది లేదని సారు ఇంకో రోజు చెప్పింది నిజమేనని నమ్మాను. రెండూ ముసలివై పోయాయి. మామ ఆ తరవాత కూడా ఊళ్లో తలకాయలు గీరి, భేజా వేపి పెడుతూనే ఉన్నాడు గానీ, తను మాత్రం పళ్లెం పక్కకు జరిపి, "నాకు పప్పు వెయ్యమ్మా" అనేవాడు.

ఇప్పుడు నేనూ ఒక కాలేజీలో అదే పాఠం చెబుతున్నాను. బోర్డు మీద కణాలు గీసి, "బహుశా", "కొంతవరకు", "అన్ని జంతువుల్లోనూ అని కాదు" అని తగిలించకుండా ఒక్క వాక్యం ముగించలేను. అలా తగిలించినప్పుడల్లా ఆ మధ్యాహ్నం గుడి నుంచి మేము ఇంటికి నడిచిన నడక గుర్తొస్తుంది. ముందు మా అవ్వ, అమ్మవారు తనతోనే మాట్లాడిందని తల నిటారుగా పెట్టుకుని. ఆమె వెనక నాయన, తను తప్పు ఒప్పుకోబట్టే గండం గడిచిందని. మామ తన మాటకే తల్లి కరిగిందని. చిన్నాన్న, ఇంటి దగ్గర కనీసం కోడైనా ఉందేమోనని. వాళ్లందరి వెనకాల నేను, సైన్సు గెలిచిందని, పసుపు అంటిన చేత్తో తాడు పట్టుకుని, ఊరు ఊరంతటికీ దారి చూపిస్తున్న దానిలా నడుస్తున్నాను. పిప్పరమెంటు మెడ వంచి తన దండలోని బంతిపూలు ఒక్కొక్కటే తింటూ వస్తోంది. ఎంత గొప్పగా నడిచిందో ఆ పిల్ల, అంటే అప్పటి నేను. అంత నమ్మకం నాకు మళ్లీ దేని మీదా కలగలేదు. ఆమెను తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆమె మీద ముద్దూ వస్తుంది. చేతిలోని తాడు విప్పిన కొస నేల మీద జీరాడుతోంది, పొట్టేలు తనంతట తానే ఇంటికి వస్తోంది. ఆ సంగతి ఆ పిల్ల ఇల్లు చేరేదాకా గమనించనే లేదు.